క్రిములను పిలిపించి విచారించడమైనది

మా మేనత్త విశ్వాసమ్మను నెలలో ఇరవై తొమ్మిది దినాలు ఎవరూ మనిషిగా లెక్కచేయరు. పప్పుశనగ చేన్లో మేస్త్రి "ఏయ్ ముసిల్దానా, సాలు ఇడ్సిపెట్టి యాడికి పోతాండావు" అని అరుస్తాడు. రేషన్ కాడ వేలిముద్ర పడలేదని పక్కన నిలబెడతారు. ఇంట్లో కోడలు గ్యాసు పొయ్యి దగ్గరికి కూడా రానీదు. నెలలో మొదటి ఆదివారం ఒక్కటే ఆమెది. ఆ దినం ఊర్లో ఎవరైనా సరే ఆమెను గిన్నె విశ్వాసమ్మ అనే పిలుస్తారు.

మాది కోయిలకుంట్ల పక్కన పల్లె. నాపరాళ్ళతో కట్టిన చర్చి, దొరల కాలం నాటిది. నెలకొకసారి బల్ల ఆరాధన ఉంటాది. ముందు రొట్టె ముక్క, తర్వాత ద్రాక్షరసం. ఆ రసాన్ని ఒకే ఒక వెండి గిన్నెలో పోస్తారు. నూట పన్నెండు మంది ఒకరి తర్వాత ఒకరు అదే గిన్నెకు నోరు పెట్టి గుక్కెడు తాగుతారు. ఆ గిన్నె కడిగేది మా అత్త. ఇరవై ఆరేండ్లుగా కడుగుతాండాది. బల్ల ముందర చెక్క కటకటాలుండాయి. వాటిని దాటి లోపలికి పోయే హక్కు పాస్టరు అయ్యగారికి, సంఘ పెద్దలకు, మా అత్తకు తప్ప ఎవరికీ లేదు. ఆ మేస్త్రి గూడా మా చర్చి మనిషే. వాడు కటకటాల ఈతల మోకాళ్ళ మీద ఉంటాడు, ఆమె ఆతల నిలబడుకోని వాని నడినెత్తి చూస్తా ఉంటాది. ఆ ఒక్క గంట కోసమే ఆమె తక్కిన నెలంతా బతుకుతాదని నాకు తెలుసు.

నా పేరు మహిమ. కోయిలకుంట్లలో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ ల్యాబు చూసుకుంటాను. క్రిములను పెంచేది, పాఠం అయిపోయినాక వాటిని చంపేది నా ఉద్యోగం. నాకు కోపం ముక్కు మీదనే ఉంటాది, ముందే చెప్తాండా. ఈ కథలో నేను ఇద్దరు ముగ్గుర్ని తిడతాను. వాళ్ళు దానికి తగినోళ్ళే.

గిన్నె కడగడంలో మా అత్తకు ఒక పద్ధతుండాది. చర్చి వెనకాల మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, కంది కట్టెతో మంట చేసి, సత్తు గుండిగలో నీళ్ళు పోసి గిన్నెను ముంచుతాది. నీళ్ళు తెర్లి బుడగలొచ్చినాక పాట ఎత్తుకుంటాది. మూడు పాటలు, అన్ని చరణాలు, పల్లవి మళ్ళీ మళ్ళీ. మూడో పాటకు ఆమేన్ పడితేనే గిన్నె బయటికి తీసేది. నీళ్ళు బాగా తెర్లినాక ఒక నిమిషం చాలత్తా, ఆ వేడికి రోగాలు తెచ్చే క్రిములన్నీ ఉడికిపోతాయి అని నేను ఎన్నోసార్లు చెప్పినాను. "ఒక నిమిషానికి ఏ పాట సరిపోతాది? పల్లవి కూడా కాదు. దేవుని పాటను సగంలో తుంచమంటావా, సిగ్గులేనిదానా" అని నన్నే తిట్టేది.

చేతులు కడగడానికి ఆమెకు పరలోక ప్రార్థన కొలత. సబ్బు రుద్దడం మొదలుపెట్టి, ప్రార్థన మొత్తం నిదానంగా చెప్పి, ఆమేన్ అన్నాకనే నీళ్ళు పోసుకోవాల. చెప్పకూడదు గానీ ఇది మా కాలేజీ గోడ మీద అంటించిన పటంలో రాసిన ఇరవై సెకండ్లకు సరిగ్గా సరిపోతాది. ఎదురింటి సుంకులమ్మ వాళ్ళు హిందువులు, వాళ్ళకు ఆ ప్రార్థన రాదు గదా అంటే, "వాళ్ళ దేవుని పేర్లు వాళ్ళకు లేవా, ఇరవై చెప్పుకోమను. క్రిమికి కులమతాలు యాడివి" అనింది.

ఇట్ల నడుస్తాంటే కరోనా వచ్చింది, పోయింది. జనంలో మాత్రం భయం పోలేదు. చర్చి మళ్ళీ తెరిచినంక ఒక వింత మొదలైంది. అంతకుముందు మా చర్చిలో అందరూ వెనక గోడకు ఆనుకోని కూర్చునేవాళ్ళు. ముందు చాపలు ఎప్పుడూ ఖాళీ. ఇప్పుడు పది గంటల ఆరాధనకు ఏడు గంటలకే వచ్చి ముందు చాపల కోసం కొట్లాడుకుంటాండారు. పాత అయ్యగారు సంఘానికి భక్తి ముదిరిందని కండ్లనీళ్ళు పెట్టుకున్న్యాడు. భక్తీ లేదు, నా తలకాయీ లేదు. గిన్నె ముందు వరసలో మొదలైతాది, మొదట తాగినోనికి ఎవరి ఎంగిలీ అంటదు, అదీ లెక్క. సంఘ పెద్ద శాంతయ్య అయితే పెద్దరికం చూపించి మొట్టమొదటి చాప ఆక్రమించుకోని, లేచి పోతే యాడ పోతాదో అని ఒంటికి కూడా పోకుండా మూడు గంటలు బిగబట్టుకోని కూర్చునేవాడు.

అప్పుడు కొత్త అయ్యగారు యేసుప్రసాద్ వచ్చినాడు. కడపలో ఉండి వచ్చినోడు, చిన్న వయసు, మంచోడే, కాకపోతే ప్రతిదానికీ ఫోన్లో బొమ్మ చూపిస్తాడు. వచ్చిన రెండో నెలలోనే ఎవరి గ్లాసు వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోండి, ఒక్కొక్క గుక్కెడు పోస్తాను అని ప్రకటించినాడు. మా జనం సంగతి ఆయనకు తెలీదు పాపం. ఒకరు టీ గ్లాసు తెచ్చినారు, ఒకరు పెండ్లిలో వచ్చిన పెద్ద లోటా తెచ్చినారు. శాంతయ్య అర లీటరు పట్టే ఇత్తడి చెంబు తెచ్చి, "నాకు ఇదే అలవాటప్పా, చిన్నదాంట్లో తాగితే తాగినట్టుండదు" అన్న్యాడు. గుక్కెడు పోస్తే అడుగున కనపడలేదని ఆయన చెంబు వంచి వంచి చూపించినాడు. అయ్యగారు మొహమాటపడి ఇంకొంచెం పోసినాడు. అది చూసి లోటా వాళ్ళూ వంచినారు. ఐదో వరసకల్లా రసం అయిపోయింది.

ఆ మరుసటి దినం అయ్యగారు ఫోన్లో బొటనవేలంత ప్లాస్టిక్ కప్పుల బొమ్మ చూపించినాడు. ఒకసారి తాగి పారేసేవి. "వెండి గిన్నెను బీరువాలో భద్రంగా పెడదాం. పెద్దమ్మ కూడా శానా ఏండ్లు కష్టపడింది, ఇంక విశ్రాంతి తీసుకుంటాది" అన్న్యాడు. ఆయన మంచి మాటే అనుకోని చెప్పినాడు. మా అత్తకు మాత్రం ఆ దినం అన్నం దిగలేదు.

మంగళవారం పొద్దున్నే ఆమె కోయిలకుంట్ల బస్సు దిగి మా ల్యాబుకు వచ్చింది. చంకలో యూరియా సంచి. సంచిలో తువ్వాలు, తువ్వాల్లో వెండి గిన్నె.

"మే మహిమా, ఈ గిన్నెలో క్రిములుండాయో లేవో చూసి కాయితం రాసియ్యి. సంతకం పెట్టు, స్టాంపు కూడా గుద్దు."

"అత్తా, చర్చి గిన్నె బస్సులో తెచ్చినావా? ఎవర్నడిగి?"

"అయ్యగారిని అడిగినా. కమిటీ ముందర రుజువు చేస్తానంటే సరేనన్న్యాడు. నేను కడిగితే క్రిమి ఉంటాదా? ఉంటే నేనే ఆ బీరువాలో కూర్చుంటా. లేకుంటే గిన్నె నా దగ్గర ఉండాల." ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కునింది. "ఆ గిన్నె పోతే నన్ను పలకరించేదెవరే?"

సరే చేద్దాం పద అన్న్యాను.

మా పద్ధతి సులువే. గాజు పళ్ళెంలో అగర్ అనే ఒక పదార్థం కాచి పోస్తే చల్లారి జున్ను మాదిరి గట్టిపడుతాది. క్రిములకు అది తిండి. దూది చుట్టిన పుల్లతో గిన్నె అంచును తుడిచి, ఆ పుల్లను దాని మీద గీసి, ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో రెండు దినాలు పెడితే, కంటికి కనపడని క్రిమి పెరిగి పెరిగి చుక్క మాదిరి కనపడుతాది. గిన్నె ఎంగిలి కావాలంటే మనుషులు కావాల గదా. అటెండర్‌తో సహా స్టాఫు రూములో ఉన్నోళ్ళందరికీ గిన్నెలో చెరుకు రసం పోసి తాపించినాను. మా ప్రిన్సిపాల్ రెండుసార్లు తాగినాడు.

ఒక్కో రకంగా కడిగేది, మళ్ళీ ఎంగిలి చేయించేది. మొదటి పళ్ళెం, ఒక్కొక్కరు తాగినాక అయ్యగారు అంచు తుడిచినట్టు ఉత్త గుడ్డతో తుడిచి. రెండోది చల్లనీళ్ళతో తొలిచి. మూడోది సబ్బుతో, పరలోక ప్రార్థన అయ్యేదాకా రుద్ది, నీళ్ళు పోసి. నాలుగోది కడక్కుండానే బ్లీచింగ్ నీళ్ళు చల్లి. ఐదోది తెర్లే నీళ్ళలో. ల్యాబులో కట్టెల పొయ్యి లేదని ఆమె గొణిగింది, పాటలు మాత్రం మూడూ పాడింది. పక్క గదిలో లెక్కల పరీక్ష రాసే పిల్లోళ్ళు ఇన్విజిలేటర్‌తో సహా లేచి నిలబడినారంట.

గిన్నెను నీళ్ళలోంచి తీసినాక అంచు మీద పుల్ల గీసుకున్న్యాను. ఇంక అయిపోయిందనుకుంటే, ఆమె గిన్నెను ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. మా దిక్కు బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, సబ్బు నురగ కూడా సరిగ్గా రాదు, ఆరితే తెల్ల మరకలు పడతాయి. ఆమె గబుక్కున కొంగు లాగి గిన్నెను లోపలా బయటా తళతళ మెరిసేదాకా తుడిచింది. పసిబిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు, అంత ప్రేమగా.

"ఎప్పుడూ ఇట్లే తుడుస్తావా అత్తా?"

"తుడవకుండా మరకలతో ఇస్తారా దేవునికి?"

నేను ఆరో పళ్ళెం తీసి, అంచు మీద ఇంకొక పుల్ల గీసినాను.

గురువారం పెట్టె తెరిచినాను. గుడ్డతో తుడిచిన పళ్ళెంలో చుక్కలే చుక్కలు. తుడిస్తే క్రిమి చావదు, ఒక చోటి నుంచి ఇంకొక చోటికి పోతాది అంతే. చల్లనీళ్ళ పళ్ళెం దానికంటే కొంచెం నయం. సబ్బు పళ్ళెంలో ఆడొకటి ఈడొకటి. సబ్బు అన్నిటినీ చంపదు. జిడ్డు పొర ఉండే కొన్నిటిని పగలగొడతాది, తక్కినవాటిని జిడ్డుతో సహా పట్టు విడిపిస్తాది, నీళ్ళు కొట్టుకోని పోతాయి. బ్లీచింగ్ పళ్ళెంలో నేననుకున్నంత పని జరగలేదు. గిన్నెలో మిగిలిన చెరుకు రసం మీదనే దాని బలమంతా ఖర్చయింది, క్రిముల దాకా రాలేదు. ముందు మురికి కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ పోసి, కాసేపు ఆగితేనే అది పని చేసేది. ఐదో పళ్ళెం, మా అత్త తెర్లబెట్టింది, అద్దం మాదిరి ఉండాది. ఒక్క చుక్క లేదు.

ఆరోది వెలుతురుకు ఎత్తి చూసినాను. పచ్చవి, తెల్లవి, నారింజ రంగువి, అంచుల దాకా అడివి పెరిగినట్టు పెరిగినాయి. ఆ కొంగుతో ఆమె మనవరాలి ముక్కు తుడుస్తాది, బస్సు సీటు తుడుస్తాది, రొట్టె పెనం దించుతాది, ప్రార్థనలో ఏడ్చి కండ్లు తుడుచుకుంటాది. ఆ కొంగుతోనే గిన్నె కూడా. ఇరవై ఆరేండ్లు మూడు పాటలు పాడి క్రిములను చంపి, మరుక్షణంలోనే కొత్తవాటిని ఎక్కించింది నా మేనత్త. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆమె మీద చెప్పలేనంత కోపమొచ్చింది. ఆరో పళ్ళేన్ని పారేద్దామనుకున్న్యాను. అబద్ధమెందుకు, చెత్తబుట్ట దాకా పోయినాను కూడా. చేతులు రాలేదు. అన్నీ ఒకే అట్టపెట్టెలో సర్దుకోని, ఆరోదాన్ని అడుగున పెట్టి ఊరికి పోయినాను.

శనివారం పొద్దున చర్చిలో కమిటీ కూర్చునింది. శాంతయ్య మినిట్స్ పుస్తకం తెరిచి, "క్రిములను పిలిపించి విచారించడమైనది" అని జరగకముందే రాసేసినాడు. మొదట ప్రార్థన. ప్రార్థనప్పుడు క్రిములు లోపల ఉండొచ్చా, బయట పెట్టాలా అని ఒక పది నిమిషాలు తగవు జరిగింది. మూత ఉండాది గనక ఉండొచ్చు అని తీర్మానించినారు. తర్వాత పళ్ళేలను బల్ల మీద పెట్టనీలేదు, నేల మీద చాపేసి పెట్టినాను.

శాంతయ్య వంగి మొదటి పళ్ళెంలోకి చూసినాడు. "మహిమమ్మా, ఇవి మన సంఘం క్రిములా, బయట సంఘాల నుంచి వచ్చినవా?"

"కాలేజీ స్టాఫువి."

"అట్లయితే మనకెట్ల వర్తిస్తాది?"

నాకు ఒళ్ళు మండింది. "అందరి నోట్లోనూ ఉంటాయి శాంతయ్యమామా. మీ నోట్లో అయితే జాస్తి, ఎందుకంటే మీరు మూస్తే గదా."

ఆయన నొచ్చుకోలేదు, వినపడలేదో ఏమో. వీపు వెనక దాచి పెట్టుకున్న రెండు సీసాలు ముందుకు తీసినాడు. ఒకటి బ్లీచింగ్ నీళ్ళు, ఇంకోటి మరుగుదొడ్డి కడిగే యాసిడ్. "ఇదంతా ఎందుకప్పా, రెండూ కలిపి బకెట్లో పోసి గిన్నెను ముంచితే? ఒకదానికే అంత బలముంటే రెండిటికీ ఎంతుండాల?" అని మూత తిప్పబోయినాడు.

నేను చాప మీదికెగిరి ఆ సీసా గుంజుకున్న్యాను. "చంపుతావా మామా అందర్నీ! ఆ రెండూ కలిస్తే విషపు గాలి పుడతాది. ఊపిరాడక క్రిముల కంటే ముందు మనం పోతాం. ఏ కడిగే మందునూ ఇంకోదాంతో కలపగూడదు, తెలుసా?" అని అరిచినాను. అయ్యగారు ఆ సీసాలను ఒకటి తూర్పు కిటికీలో, ఒకటి పడమటి కిటికీలో పెట్టించినాడు. శాంతయ్య మినిట్స్‌లో "మందులను వేరుచేయడమైనది" అని రాసుకున్న్యాడు.

ఐదో పళ్ళెం చూపించేసరికి అందరూ ముందుకు వంగినారు. ఒక్క చుక్క లేదు. మా అత్త కటకటాల లోపల నిలబడుకోని ఉండాది. ఆమె ముఖం నేను ఎప్పుడూ చూడనంతగా వెలిగిపోయింది. అయ్యగారు కూడా, "పెద్దమ్మా, నువ్వే గెలిచినావు" అన్న్యాడు.

నేను పెట్టె మూయబోయినాను. "అడుగున ఇంకోటుండాది గదా పాపా, అదేంది?" అని మా అత్తనే అడిగింది.

"ఏమీ లేదత్తా. చెడిపోయింది."

"ఇటియ్యి." తీసుకోని చూసింది. అందరూ చూసినారు. ఎవరో "అబ్బా" అన్న్యారు. ఆమె ఆ పళ్ళేన్ని తిప్పి తిప్పి చూస్తాండాది. మా అత్త చదువుకున్నది ఐదో తరగతి. కానీ తన పని తనకు తెలీకుండా పోతుందా? నా ముఖం చూసింది, తన కొంగు చూసుకునింది.

"ఇది నా కొంగుది" అని గట్టిగా చెప్పింది. "తెర్లబెట్టినాక దీంతో తుడిచినా. ఇరవై ఆరేండ్లు తుడిచినా."

శాంతయ్య కలం కింద పెట్టినాడు. ఆయన మొట్టమొదటి చాప మీద ఎట్లా కూర్చునేవాడో గుర్తొచ్చిందేమో, నోరు ఒకసారి తుడుచుకున్న్యాడు. ఆయన కాపాడుకోని తాగిన మొదటి గుక్కలోనే అదంతా ఉండేది మరి.

"కొంగు మానేస్తే గిన్నె పనికొస్తాది గదా?" అని ఎవరో అడిగినారు. మా అత్త నా దిక్కు చూసింది. "నిజం చెప్పు పాపా. నేను ఎంత తెర్లబెట్టినా, ఒకరు తాగినాక ఇంకొకరు తాగితే?"

"మొదటి నోరు అంటినాక రెండోవాళ్ళకు అది ఎంగిలే అత్తా. నూట పదకొండు సార్లు మధ్యలో తెర్లబెట్టలేం గదా."

"అంటే మూడు పాటలూ మొదటోనికే." ఆమె బల్ల మీదున్న గిన్నెను తువ్వాల్లో చుట్టి అయ్యగారి చేతిలో పెట్టింది. "బీరువాలో పెట్టు నాయనా." కటకటాలు తెరుచుకోని బయటికొచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో ఇంటికి పోయింది. నేను వెనకనే పోతే తలుపేసుకునింది. నన్ను నేను ఆ దినం తిట్టుకున్నట్టు ఎవర్నీ తిట్టలేదు.

మళ్ళీ నెల మొదటి ఆదివారం ప్లాస్టిక్ కప్పులొచ్చినాయి. మే నెల. నాపరాళ్ళ పైకప్పు కింద పెనం మీద కూర్చున్నట్టే ఉంటాది. నాలుగు ఫ్యాన్లూ తిరుగుతాండాయి. అయ్యగారు ట్రే ఎత్తేసరికి కప్పులు ఊదా రంగు సీతాకోకచిలకల మాదిరి లేచిపోయినాయి. తెల్ల చొక్కాలన్నీ ద్రాక్షరసం. ఫ్యాన్లు ఆపి మళ్ళీ పోసినారు. గాలి లేక ఇద్దరు సొమ్మసిల్లినారు. వాళ్ళకు నీళ్ళు చల్లేదానికి ఫ్యాన్ వేసినారు, మిగిలిన కప్పులు కూడా పోయినాయి. మరుసటి దినం ఊరి మేకలన్నీ ఆ కప్పులే నములుతాంటే సుంకులమ్మ వచ్చి చర్చి ముందర నిలబడి ఇరవై మంది దేవుళ్ళ పేర్లు కాదు గానీ, ఇరవై తిట్లు తిట్టింది. మా అత్త ఆ ఆదివారం చర్చికే రాలేదు. చేనికి పోయింది. ఆదివారం చేనికి పోవడం ఆమె జన్మలో లేదు.

కమిటీ మళ్ళీ కూర్చోని స్టీలు గ్లాసులు కొందామనింది. బరువుంటాయి, ఎగరవు, తెర్లబెట్టొచ్చు. బొటనవేలంతవి నూట పన్నెండు. అంతా బాగుండాది, కడిగేదెవరు అనేసరికి పెద్దలందరూ నేల చూసినారు. నూట పన్నెండు గ్లాసులు ఒక్కోటి సబ్బుతో రుద్దల్ల, తెర్లబెట్టల్ల, ఆరబెట్టల్ల. యువకుల సంఘం వాళ్ళకు ఆ దినం క్రికెట్ ఉండాదంట. అది ఏ దినమో కూడా చెప్పకముందే.

అందరూ కలిసి మా అత్త దగ్గరికి పోయినారు. ఆమె చేన్లో కలుపు తీస్తాండాది. పాత మేస్త్రే ఆ చేన్లో ఉండాడు. అయ్యగారు, శాంతయ్య గట్టు మీద నిలబడుకోని చేతులు కట్టుకున్న్యారు. "విశ్వాసమ్మా, నువ్వే రావాల" అన్న్యాడు శాంతయ్య. ఆమె తలెత్తలేదు. "నా కొంగు చూసినారు గదా అన్నా. ఇంకెవరన్నా శుభ్రమైనోళ్ళను చూసుకోండి."

"తప్పు కొంగుది, నీది కాదు. నీకు తెలీక చేసినావు. తెలిసినాక దాచిపెట్టలేదు. మేమైతే దాచిపెట్టి మూతి తుడుచుకోని కూర్చునేవాళ్ళం" అన్న్యాడు శాంతయ్య. నలభై ఏండ్లలో ఆయన నోట్లోంచి వచ్చిన మంచి మాట అదొక్కటే, నేను విన్న్యాను.

ఆమె ఆ సాలు చివరి దాకా కలుపు తీసింది. తర్వాత లేచి షరతులు చెప్పింది. గ్లాసులను ఎవరూ, తనతో సహా, తుడవకూడదు. కడిగిన పలక మీద బోర్లించి ఎండకు ఆరబెట్టాల. ముట్టుకునే ముందు ప్రతి ఒక్కరూ పరలోక ప్రార్థన అయ్యేదాకా సబ్బుతో చేతులు రుద్దుకోవాల, అయ్యగారు కూడా. మరకలుంటే దేవుడు సర్దుకుంటాడు. మూడు పాటలు మాత్రం తగ్గవు. అది నేను చెప్పిన ఒక నిమిషానికి ఎక్కువే గానీ, నోరు మూసుకున్న్యాను.

గ్లాసులు ఇచ్చే దగ్గర మా వాళ్ళు మా వాళ్ళే అనిపించుకున్న్యారు. మా చర్చికి ఎవరేమిచ్చినా చచ్చిపోయినోళ్ళ పేరు మీద ఇస్తారు. ఫ్యాన్ రెక్క మీద, బెంచీ మీద, గంట తాడు కట్టే కొయ్య మీద కూడా "ఫలానావారి జ్ఞాపకార్థం" అని ఉంటాది. అట్లే గ్లాసుకొక మనిషి. కోయిలకుంట్లలో హనుమేష్ అనేవాడు స్టీలు సామాన్ల అంగట్లో పేర్లు చెక్కే మిషన్ పెట్టుకోని నాలుగు దినాలు చెక్కినాడు. గ్లాసు బొటనవేలంత, పేర్లు బారెడు. అక్షరాలు గ్లాసు చుట్టూ రెండు చుట్లు తిరిగినాయి.

ఆ ఆదివారం ఆరాధన మధ్యలోనే గలాటా. ఒకామెకు తన సవతి పేరున్న గ్లాసొచ్చింది. శాంతయ్యను పదకొండేండ్లు గట్టు తగాదాలో కోర్టు చుట్టూ తిప్పినాయన పోయి నాలుగేండ్లయింది, ఆయన గ్లాసు శాంతయ్యకే పోయింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకోని చదివి, కండ్లు మూసుకోని, మందు మింగినట్టు మింగినాడు. తర్వాత "క్షమించినాను పోప్పా" అని గ్లాసుతో అన్న్యాడు. మా అత్త కటకటాల ఆతల నిలబడి అందరి చేతులూ చూస్తాండాది.

చివరికి ఆమెకే గ్లాసు మిగిలింది. అయ్యగారు అందించినాడు. ఆమె తిప్పి చదువుకునింది. చదివి, మళ్ళీ చదివి, ముఖం ఎర్రబడింది.

"శాంతయ్యన్నా! ఇదెవరి పని?"

శాంతయ్య లేచి నిలబడినాడు. "నూట పదకొండుకు పేర్లొచ్చినాయి. ఒకటి తక్కువైంది. అది నేనిస్తాను, విశ్వాసమ్మ పేరు వెయ్యమని హనుమేష్‌కు చెప్పినా. వాడు అన్నిటికీ వేసినట్టే దీనికీ వేసినాడు. నాకూ చూసుకునే బుద్ధి లేకపాయె." ఆయన చెమటలు కక్కుతాండాడు. "మార్పిస్తాలేమ్మా. కోప్పడొద్దు."

నేను లాక్కోని చూసినాను. "విశ్వాసమ్మ జ్ఞాపకార్థం." బతికున్న మనిషికి. నాకు తిట్లు నాలుక చివరి దాకా వచ్చినాయి. చర్చిలో ఒక పక్క నవ్వు ఆపుకునే శబ్దం, ఇంకో పక్క "పాపం, పాపం" అనే శబ్దం.

మా అత్త నా చేతిలోంచి గ్లాసు తీసుకునింది. రసం తాగింది. పేరున్న చోట వేలితో ఒకసారి తడిమింది.

"మార్పించొద్దు" అనింది. "చచ్చినాక వేసింటే నేను చూసుకుందునా?"